నాయిస్ ఆల్బమ్ రిలీజ్ చేయడం ఎలా: మొదటి చప్పుడు నుంచి చేతికందే క్యాసెట్ దాకా

నాయిస్ అంటే రాగం, తాళం బదులు చప్పుళ్లతోనే చేసే సంగీతం. ఒక మైకు, శబ్దాన్ని బొంగురుగా చితక్కొట్టే ఒక డిస్టార్షన్ పెడల్ ఉంటే సాయంత్రానికల్లా రెండు గంటల నాయిస్ రికార్డయిపోతుంది. ఈ సంగీతంలో శబ్దానికి ఎప్పుడూ కొరత లేదు. హార్డ్ డ్రైవ్ నిండా రికార్డింగులు పేరుకుపోయి, ఒక్కటీ బయటికి రాని వాళ్లే ఎక్కువ. పాటకైతే పల్లవి, చరణాలు ఉంటాయి. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో పాటే చెబుతుంది. నాయిస్‌కు అలాంటి గట్లు లేవు. గట్టు మనమే వేసుకోవాలి.

అందుకే ఈ గైడ్‌లో వరుస కాస్త తిరగేసి ఉంటుంది. ముందు ఆల్బమ్ ఏ రూపంలో బయటికి వెళ్తుందో తేల్చుకుంటాం, ఆ తర్వాతే శబ్దం దగ్గరికి వస్తాం. ఇది నా సొంత పైత్యం కాదు. 1948లో ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ షెఫర్ పారిస్ రేడియోలో రైలు చప్పుళ్లతో మొదటి మ్యూజిక్ కాంక్రీట్ (రికార్డు చేసిన చప్పుళ్లనే సంగీతంగా పేర్చే పద్ధతి) ముక్క చేసినప్పుడు ఆయన దగ్గర ఉన్నవి డిస్కులు. డిస్కు మీద గాడిని వలయంగా మూసేస్తే అదే చప్పుడు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఆయన పనిలో లూప్ ఆ గాడిలోంచే వచ్చింది. 1975లో అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ గిటార్ ఫీడ్‌బ్యాక్‌తో (స్పీకర్ శబ్దం తిరిగి గిటార్‌లోకే వెళ్లి పుట్టే కూత) నింపిన డబుల్ ఎల్పీ ‘మెటల్ మెషిన్ మ్యూజిక్’ నాలుగో వైపు చివర కూడా అలాంటి మూసిన గాడి ఉంది. ఎవరో ఒకరు లేచి సూది ఎత్తేదాకా ఆ రికార్డు ఆగదు. సీడీ మీద ఆ పని కుదరదు. జపాన్‌లో మసామి అకిటా 1979 నుంచి మెర్జ్‌బౌ పేరుతో చేస్తూ వచ్చిన సంగీతం తొలి ఏళ్లలో ఫొటోకాపీ కొలాజ్ కవర్లు వేసుకుని, క్యాసెట్లుగా పోస్టులో తిరిగింది. వీళ్లందరి దగ్గరా శబ్దం ఎలా ఉండాలో సగం దాన్ని మోసే వస్తువే నిర్ణయించింది.

మొదటి అడుగు: ఏ వస్తువు?

మొదటి రిలీజ్‌కు నా ఓటు క్యాసెట్‌కే, దాంతోపాటు డిజిటల్. నోస్టాల్జియా వల్ల కాదు. క్యాసెట్‌కు రెండు వైపులుంటాయి, ఒక్కో వైపుకు నిడివి ఉంటుంది. సీ-60 అంటే వైపుకు 30 నిమిషాలు, సీ-40 అంటే 20. ఆ అంకె కళ్లముందు ఉంటే రెండు గంటల రికార్డింగును ఏం చేయాలో దారి దొరుకుతుంది. పైగా 20 కాపీలు చాలు అనుకుంటే 20 మాత్రమే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఏ ఫ్యాక్టరీనీ బతిమాలనక్కర్లేదు.

సీడీ-ఆర్ చవక. 80 నిమిషాలు పడుతుంది, పై ఫ్రీక్వెన్సీలను క్యాసెట్ కంటే నికార్సుగా మోస్తుంది. మీ పనిలో మౌనం ముఖ్యమైతే, పూర్తి నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా పేలుడు రావాలనుకుంటే, టేపు హిస్ (టేపు తిరిగేటప్పుడు వచ్చే సన్నటి ‘స్స్’ చప్పుడు) ఆ ప్రభావాన్ని చెడగొడుతుంది కాబట్టి సీడీయే మంచిది. కాగితం లేబుల్ మాత్రం అంటించకండి. అది కాస్త పక్కకు జరిగినా డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది.

వినైల్ సంగతి మొదటి రిలీజ్‌కు మర్చిపోండి. డబ్బు ఒక కారణమే గానీ అదొక్కటే కాదు. గాడి కోసే యంత్రానికి నాయిస్ అంటే పడదు. ఎడమ కుడి చానెళ్లలో బేస్ వేర్వేరుగా ఉంటే గాడి లోతు అదుపు తప్పి సూది ఎగిరిపోతుంది. ఎడతెగని పై ఫ్రీక్వెన్సీలు కట్టింగ్ హెడ్‌ను వేడెక్కిస్తాయి. దాంతో ఇంజనీరు లెవెల్ తగ్గిస్తాడు, మీ భీకరమైన శబ్దపు గోడ కాస్తా బక్కచిక్కి వస్తుంది. వైపుకు 18 నుంచి 22 నిమిషాలు దాటితే ఇంకా నీరసిస్తుంది. దీనికి తోడు 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ ప్లాంట్ కాలిపోయాక, మాస్టర్ కోయడానికి వాడే లాకర్ డిస్కుల తయారీదారుల్లో ప్రపంచం మొత్తానికి ప్రధానంగా మిగిలింది జపాన్‌లోని ఒక్క సంస్థే. అంత సన్నని గొలుసు మీద మొదటి ఆల్బమ్‌ను వేలాడదీయడం ఎందుకు?

డిజిటల్ మాత్రమే అనుకుంటే హద్దు మీరే గీసుకోండి. 40 నిమిషాలో, 7 ట్రాకులో, ఏదో ఒకటి కాగితం మీద రాసి పెట్టుకోండి. అలా రాసుకోకపోతే ఆ ఆల్బమ్ మూడు గంటలకు సాగుతుంది, ఆఖరి దాకా ఎవరూ వినరు.

రెండో అడుగు: శబ్దం ఎక్కడ నుంచి?

సాఫ్ట్‌వేర్ కావాలంటే డబ్బు పెట్టకుండానే చాలా ఉంది. మిల్లర్ పకెట్ రాసిన ప్యూర్ డేటా, జేమ్స్ మెకార్ట్నీ మొదలుపెట్టిన సూపర్‌కొలైడర్, మాడ్యులర్ సింథసైజర్‌ను తెర మీద పరిచే వీసీవీ ర్యాక్, కత్తిరింపులకు ఆడాసిటీ. వీటి గురించి పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి ఇక్కడ ఆగను. చేత్తో చేసే రెండు పద్ధతుల గురించి మాత్రం వివరంగా చెబుతాను. మొదటి ఆల్బమ్‌కు ఈ రెండే సరిపోతాయి.

ఒకటి, కాంటాక్ట్ మైక్. గాలిలో చప్పుడును కాకుండా వస్తువులోని ప్రకంపనను పట్టుకునే మైకు ఇది. ఇత్తడి రంగు బిళ్ల, మధ్యలో తెల్లటి సెరామిక్ వలయం ఉన్న పియెజో డిస్క్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది. 27 మిల్లీమీటర్లది తీసుకోండి. షీల్డ్ ఉన్న ఆడియో కేబుల్ లోపలి తీగను తెల్లటి భాగానికి, పైన అల్లి ఉన్న షీల్డ్‌ను ఇత్తడికి సోల్డర్ చేయాలి. సోల్డరింగ్ ఐరన్‌ను తెల్లటి భాగం మీద ఒకటి రెండు క్షణాలకు మించి ఉంచొద్దు, పైనున్న పల్చటి వెండి పూత లేచిపోతుంది. వైర్లు ముందే అతికించి ఉన్న డిస్కు దొరికితే ఆ గొడవే లేదు. తర్వాత రెండు వైపులా ఇన్సులేషన్ టేపు చుట్టండి. చేయి తగిలినప్పుడల్లా వచ్చే హమ్ తగ్గుతుంది.

చాలామంది ఇక్కడిదాకా సరిగ్గానే చేసి, మైకును నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చి, ‘రేకు డబ్బా చప్పుడు తప్ప ఏమీ రావట్లేదు’ అని పక్కన పడేస్తారు. తప్పు మైకుది కాదు. పియెజో డిస్క్ విద్యుత్ పరంగా ఒక చిన్న కెపాసిటర్. ఈ సైజుది సుమారు 20 నానోఫారడ్లు ఉంటుంది. 10 కిలో ఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే ఆ రెండూ కలిసి ఒక ఫిల్టర్ అవుతాయి, దాదాపు 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా పలచబడిపోతుంది. అదే డిస్కును 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కు కలిపితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది, అంటే వినిపించే బేస్ మొత్తం వస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ మీద గిటార్ బొమ్మో, ‘ఇన్‌స్ట్రుమెంట్’ అన్న మాటో ఉన్న ఇన్‌పుట్ వాడండి. గిటార్ పెడల్‌లోకి ముందు పంపినా సరే. కొన్ని మైకులకు కేబుల్ ద్వారా అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆఫ్‌లో ఉండాలి.

ఇప్పుడు దాన్ని స్ప్రింగుకు, రేకుకు, ఫ్యాన్ గ్రిల్‌కు, సైకిల్ చువ్వకు క్లిప్పుతో బిగించి గోకి చూడండి. తట్టినప్పుడు వచ్చేదానికంటే మెల్లగా రాసినప్పుడు వచ్చేది బాగుంటుంది. రేకు అంచు మీద వేలుగోరు నెమ్మదిగా లాగితే డిస్టార్షన్ పెడల్ అవతల అది ఇనుప గేటు ఈడ్చినట్టు వినిపిస్తుంది. ఒత్తిడి కాస్త మారితే చాలు, గొంతే మారిపోతుంది.

రెండోది, నో-ఇన్‌పుట్ మిక్సర్. దీన్ని ఒక వాయిద్యం స్థాయికి తెచ్చింది జపాన్‌కు చెందిన తోషిమారు నకమురా. బయటి నుంచి ఏ శబ్దమూ ఇవ్వకుండా, మిక్సర్ అవుట్‌పుట్‌ను తిరిగి దాని ఇన్‌పుట్‌లోకే పంపుతారు. సర్క్యూట్‌లో సహజంగా ఉండే సన్నటి హిస్ తిరిగి తిరిగి పెరిగి ఈలగా, గుర్రుగా, టకటకగా మారుతుంది. ఇలా చేయండి: ఫేడర్లు (శబ్దం స్థాయిని మార్చే జారుడు మీటలు), గెయిన్‌లు (ఇన్‌పుట్‌ను పెంచే నాబ్‌లు) అన్నీ కిందికి దించండి. ఆక్స్ సెండ్ (చానెల్ శబ్దాన్ని కొంత విడిగా బయటికి పంపే దారి) నుంచి ఒక కేబుల్ తీసి మొదటి చానెల్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టండి. ఆ చానెల్‌లో ఫేడర్‌ను కాస్త ఎత్తి, ఆక్స్ నాబ్‌ను సగం దాకా తిప్పి, గెయిన్‌ను వెంట్రుకవాసి చొప్పున పెంచండి. ఒకచోట మోగడం మొదలవుతుంది. అక్కడి నుంచి ఈక్వలైజర్ నాబ్‌లే మీ మెట్లు. మిడ్ నాబ్ తిప్పితే శ్రుతి జారుతుంది. రెండో ఆక్స్‌తో రెండో చానెల్‌లో ఇంకో లూప్ కట్టి, ఆ రెండింటినీ ఒకదానిలోకి ఒకటి కొంచెం కొంచెం పంపితే అవి పోట్లాడుకుని లయలు పుట్టిస్తాయి. ఏ నాబ్ ఎక్కడుందో రాసుకోవడం దండగ. మర్నాడు అదే సెట్టింగ్ పెట్టినా అదే శబ్దం రాదు. నచ్చినది వస్తున్నప్పుడే రికార్డ్ బటన్ ఆన్‌లో ఉండాలి, అంతే.

బొమ్మలు, చవక కీబోర్డులు విప్పి తీగలు కలిపే సర్క్యూట్ బెండింగ్ కూడా సరదా పనే. ఒక్క షరతు: బ్యాటరీతో నడిచేవే విప్పండి. గోడ ప్లగ్గులో పెట్టే పరికరం జోలికి వెళ్లొద్దు.

మూడో అడుగు: చెవులు

ఇది మిగతా అడుగుల మధ్యలో పెట్టి దాటేసే విషయం కాదు. నో-ఇన్‌పుట్ మిక్సర్ ఒక నాబ్ కదలికకే గుసగుస నుంచి కేకకు ఎగురుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ నాబ్ ముట్టుకోవద్దు. వాయించేటప్పుడు చిన్న స్పీకర్లు, వాటి ముందు ఒక లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని పరికరం) పెట్టుకోండి. హెడ్‌ఫోన్ ఎడిటింగ్‌కు మాత్రమే. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగం. లెక్క వేసుకుంటూ పోతే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే మిగులుతుంది. సెషన్ అయ్యాక చెవిలో కీచుమంటుంటే ఆ రోజుకు ఇక మిక్సింగ్ లేదు. అలిసిన చెవికి పై ఫ్రీక్వెన్సీలు వినబడవు, ఇంకా పెంచుతారు, తెల్లారి వింటే పళ్లు జివ్వుమంటాయి.

నాలుగో అడుగు: రికార్డింగ్

24 బిట్‌లో, పీక్‌లు (శబ్దం అన్నిటికంటే ఎత్తుకు ఎగిసే చోట్లు) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చేయండి. డిస్టార్షన్ కావాలంటే పెడల్‌లోనో మిక్సర్‌లోనో తెచ్చుకోండి, శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్‌లోకి మాత్రం శుభ్రంగా వెళ్లనివ్వండి. అనుకోకుండా పడిన డిజిటల్ క్లిప్పింగ్‌ను (లెవెల్ హద్దు దాటి శబ్దం తల తెగిపోవడం) తర్వాత తీయలేరు. కావాలని వేసే క్లిప్పింగ్‌ను ఎప్పుడైనా వేసుకోవచ్చు. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో నిమిషానికి సుమారు 16 మెగాబైట్లు, గంటకు ఒక గిగాబైట్‌కు దగ్గర. ఫ్లాక్ (నాణ్యత పోకుండా ఫైలును కుదించే ఫార్మాట్) చేస్తే బాగా తగ్గుతుందనుకోకండి. ఆ పద్ధతి తర్వాత వచ్చే శాంపిల్‌ను ఊహించి చోటు మిగులుస్తుంది, నాయిస్‌లో ఊహించడానికి ఏమీ ఉండదు. వైట్ నాయిస్ ఫ్లాక్ దాదాపు కుదించని వేవ్ ఫైలంతే ఉంటుంది.

ఫైలుకు తేదీ, పరికరం పేరు పెట్టండి. ‘ఫైనల్ 3 కొత్తది’ అనే పేర్లతో ఏ ఆల్బమూ తేలలేదు.

ఐదో అడుగు: ఏది ఉంచాలి?

ఆల్బమ్ నిజంగా తయారయ్యేది ఇక్కడే. రికార్డు చేసిన వెంటనే వినొద్దు. వాయించిన చెయ్యి పడ్డ కష్టం ఇంకా గుర్తుంటుంది, కష్టపడి తెచ్చిన శబ్దమల్లా గొప్పగా తోస్తుంది. కొన్ని రోజులు గడిచాక తక్కువ వాల్యూమ్‌లో వినండి. నాయిస్ పెద్దగా పెడితే ఏదైనా బాగానే ఉంటుంది. శరీరానికి తగులుతుంది కాబట్టి. చిన్నగా పెట్టినా దృష్టి లాగుతోందంటే అందులో విషయం ఉన్నట్టు. ఇదొక్కటే నేను పూర్తిగా నమ్మే పరీక్ష.

వింటూ సమయాలు రాసుకోండి. సాధారణంగా ప్రతి రికార్డింగులో మొదటి కొన్ని నిమిషాలు వెతుకులాటే. నాబ్‌లు ఎక్కడున్నాయో చూసుకుంటూ ఉంటాం, శబ్దం ఇంకా కుదురుకోదు. మొహమాటం లేకుండా కోసేయండి. నేరుగా మధ్యలోంచి మొదలైతే వినేవాడు ఉలిక్కిపడతాడు, అదే కావాలి కదా.

తర్వాత ఒక్కో ముక్కకు ఒక ప్రశ్న వేయండి: ఇది మారే ముక్కా, మారని ముక్కా? నాయిస్‌లో రెండు దారులున్నాయి. ఒకటి కత్తిరింపుల దారి, క్షణానికో రంగు, హఠాత్తుగా మౌనం, మళ్లీ పేలుడు. రెండోది గోడ, హార్ష్ నాయిస్ వాల్ అంటారు. అరగంట సేపు ఏమీ మారదు, వినేవాడి చెవే మెల్లగా అందులో కదలికలు వెతుక్కుంటుంది. రెండూ మంచివే. మధ్యలో ఊగే ముక్కతోనే చిక్కు: అప్పుడప్పుడూ మారుతుంది, ఎందుకు మారిందో తెలియదు, గోడలా ముంచదు, కత్తిలా కోయదు. అలాంటిదాన్ని ఎటో ఒకవైపు నెట్టండి. మార్పులన్నీ తీసేసి ఒకే నాలుగు నిమిషాలను సాగదీయండి, లేదంటే పదిహేను నిమిషాలను మూడింటికి కుదించండి.

కత్తిరింపుల దారిలో ఉంటే మౌనాన్ని పిసినారిగా వాడండి. ముప్పై సెకన్ల రణగొణ తర్వాత అర సెకను మౌనం పడితే ఆ తర్వాతి శబ్దం, లెవెల్ పెంచకుండానే, రెట్టింపు గట్టిగా అనిపిస్తుంది. అదే పని ప్రతి పది సెకన్లకూ చేస్తే రెండో నిమిషానికే అలవాటైపోతుంది. కత్తిరించే చోట ఫేడ్ పెట్టాలా వద్దా అనేది వినేదాకా తెలియదు. నేనైతే చాలాసార్లు ఫేడ్ లేకుండానే వదిలేస్తాను. ఆ చిన్న టక్కుమనే చప్పుడు కూడా నాయిస్‌లో భాగమే.

పొరలు వేసేటప్పుడు ఒక మాట. ఐదు ట్రాకులూ 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా నిండుగా ఉంటే కలిపాక ఒక బూడిద రంగు ‘ష్’ మిగులుతుంది. ఎంత ఎక్కువ పోస్తే అంత తక్కువ వినిపిస్తుంది. ఒక పొరకు 150 హెర్ట్జ్ కిందిది ఇచ్చేయండి, మిగతా అన్నింటిలోంచి అది తీసేయండి. 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య మనిషి చెవి అన్నిటికంటే సున్నితం. ఆ చోటును ఒక సమయంలో ఒక్క పొరే ఆక్రమించాలి. అప్పుడు ఒక్కో అరుపు విడిగా వినిపిస్తుంది.

ఆరో అడుగు: మాస్టరింగ్

మాస్టరింగ్ అంటే రిలీజ్‌కు ముందు ఆల్బమ్ మొత్తం శబ్దాన్ని చివరిసారి సరిచేయడం. సొంత సర్క్యూట్లు, పాత పెడళ్లు వాడితే వేవ్‌ఫామ్ (తెర మీద కనబడే శబ్దపు అల) నడిమి గీత మీద కాకుండా పైకో కిందికో జరిగి ఉండొచ్చు. అది డీసీ ఆఫ్‌సెట్. వినబడదు గానీ లెవెల్‌ను మింగేస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర, దాని కిందిదంతా తీసేసే హై-పాస్ ఫిల్టర్ పెడితే పోతుంది. ఆపైన 100 హెర్ట్జ్ కిందనున్న బేస్‌ను మోనో చేయండి.

ఎంత గట్టిగా అనే విషయంలో టెన్షన్ పడకండి. స్పాటిఫై మామూలు సెట్టింగులో ప్రతిదాన్నీ మైనస్ 14 లఫ్స్‌కు (సగటు గట్టితనాన్ని కొలిచే కొలమానం) సర్దుతుంది. మీరు మైనస్ 5 దాకా నొక్కి నింపితే అది 9 డెసిబెల్స్ తగ్గిస్తుంది, అంటే గట్టితనం పోయి నలిపివేత మాత్రమే మిగులుతుంది. నలిపివేతే మీ అందమైతే అలాగే కానివ్వండి. పీక్ మాత్రం మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి, ఎంపీ3గా మార్చేటప్పుడు పీక్‌లు పెరుగుతాయి.

ఎంపీ3 గురించి మరో మాట. ఒక శబ్దం ఇంకో శబ్దాన్ని కప్పేస్తుంది కాబట్టి కప్పబడినదాన్ని వదిలేయొచ్చు అన్నది దాని ఆధారం. అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకేసారి పూనకంలో ఉంటే దానికి బిట్లు చాలవు. తక్కువ బిట్‌రేట్‌లో నాయిస్ నీళ్లలో ముంచి తీసినట్టు గిరగిరా తిరుగుతుంది. 320కి తగ్గొద్దు; అప్‌లోడ్ చేసే ముందు ఒకసారి మీరే మార్చి వినండి. ట్రాకు నుంచి ట్రాకుకు ఆగకుండా సాగే ఆల్బమ్ అయితే ఎంపీ3 మధ్యలో సన్నటి ఖాళీ పడేయొచ్చు. దాన్ని ఒకే పొడవాటి ట్రాకుగా పెట్టేయడం సుఖం.

ఏడో అడుగు: క్యాసెట్ తీయడం

ఏ వైపు ఎంత నిడివో ముందే సరి చూసుకోండి. రెండు వైపులూ సమానంగా ఉంటే మంచిది. కుదరకపోతే మొదటి వైపే పొడవుగా ఉండాలి. లేదంటే వినేవాడు మొదటి వైపు అయ్యాక ఖాళీ టేపును ముందుకు తిప్పుకుంటూ కూర్చోవాలి.

క్యాసెట్ డెక్‌లో టేపుకు తగిలే హెడ్‌ను, టేపును నొక్కి లాగే పించ్ రోలర్‌ను ఐసోప్రొపిల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడవండి. దూది గోధుమరంగు తేలడం ఆగేదాకా. టేపు హిస్‌ను తగ్గించే డాల్బీని ఆఫ్ చేయండి. ప్రతి క్యాసెట్ మొదట్లో రికార్డు కాని ప్లాస్టిక్ లీడర్ కొన్ని సెకన్లు ఉంటుంది. సున్నా సెకను నుంచే విరుచుకుపడే ఆల్బమ్ అయితే ఆ మొదటి దెబ్బే పోతుంది. చక్రంలో పెన్సిల్ పెట్టి గోధుమరంగు టేపు కిటికీలో కనబడేదాకా తిప్పి, అప్పుడు రికార్డ్ నొక్కండి.

లెవెల్ పెట్టడానికి ఆల్బమ్‌లో అన్నిటికంటే గట్టి చోటు, అన్నిటికంటే కీచుగా ఉన్న చోటు రెండూ టేపు మీదికి ఎక్కించి వినండి. మామూలు టైప్ 1 టేపు పై ఫ్రీక్వెన్సీల్లో త్వరగా నిండిపోతుంది: ఎంత పెంచితే అంత మొద్దుబారి, కీచు కాస్తా ఉన్నిలా మెత్తబడుతుంది. బేస్ మాత్రం చక్కగా చిక్కబడుతుంది. ఈ రెండింటి మధ్య మీటర్ ఎక్కడుంటే మీ ఆల్బమ్‌కు నప్పుతుందో చెవితోనే తేల్చాలి. తేల్చాక నాబ్ మీద చిన్న గుర్తు పెట్టుకోండి, చివరి కాపీ దాకా అదే. డబ్బింగ్‌కు, అంటే కాపీ తీయడానికి, ఆల్బమ్ నిడివి ఎంతో అంత సేపూ పడుతుంది. ప్రతి కాపీ మొదట్లో, మధ్యలో, చివర్లో కాసేపు వినండి. ఆఖరున పైనున్న ట్యాబ్‌లు విరిచేస్తే పొరపాటున చెరిగిపోదు.

కవర్ కార్డు ముందుభాగం సుమారు 65 మిల్లీమీటర్ల వెడల్పు, వెన్ను 12.7, ఎత్తు దాదాపు 102. వెన్ను మీద పేరు తప్పక ఉండాలి. అరలో పెడితే కనబడేది అదే. నల్ల నేపథ్యం, చిరిగిన అక్షరాలు వద్దని కాదు గానీ ఇప్పటికే అరలు వాటితో నిండి ఉన్నాయి. లోపల ఏ పరికరాలతో, ఎప్పుడు చేశారో రెండు ముక్కలు, ఒక కాటలాగ్ నంబర్, ఎన్ని కాపీలో రాయండి. లేబుల్ మీ ఒక్కరిదే అయినా నంబర్ ఇవ్వండి. రికార్డుల జాబితా ఉంచే డిస్కాగ్స్‌లాంటి సైట్‌లో నమోదు చేసేటప్పుడు, ఏళ్ల తర్వాత ఎవరైనా వెతికేటప్పుడు దాంతోనే దొరుకుతుంది.

ఎనిమిదో అడుగు: ఆన్‌లైన్‌లో పెట్టడం

ఈ సంగీతం కొనేవాళ్లు ఎక్కువగా కనబడేది, సంగీతకారులు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లోనే. డిజిటల్ అమ్మకాల మీద అది 15 శాతం తీసుకుంటుంది. అమ్మకాలు 5,000 డాలర్లు దాటితే 10 శాతం. క్యాసెట్లలాంటి వస్తువుల మీద 10 శాతం. పేమెంట్ ఖర్చులు దీనికి అదనం. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో తన వాటా వదులుకుంటుంది. రిలీజ్ తేదీ దానికి కలిపితే కొనేవాళ్లు దొరుకుతారు గానీ, ఆ రోజు వెల్లువలో మీ ఆల్బమ్ మునిగిపోవచ్చు కూడా. ఒక వారం ముందు రిలీజ్ చేసి, ఆ రోజు గుర్తుచేస్తే రెండూ కలిసొస్తాయి.

ఉచితంగా ఇవ్వదలిస్తే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది, ఇంటర్నెట్‌లోనే సంగీతం విడుదల చేసే నెట్‌లేబుళ్ల తరం చాలావరకు అక్కడే పెరిగింది. ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఎంచుకునేటప్పుడు ‘నాన్ కమర్షియల్’ అని పెట్టాలా అని కాస్త ఆలోచించండి. మీ ట్రాకును సంకలనంలో చేర్చి క్యాసెట్ అమ్మే చిన్న లేబుల్ కూడా అప్పుడు మిమ్మల్ని విడిగా అనుమతి అడగాలి.

స్ట్రీమింగ్‌కు, ఆల్బమ్‌ను ఆ సైట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్లాలి. ప్రతి ట్రాకుకు ఆ రికార్డింగును గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటుంది, చాలావరకు డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. దాన్ని మీ దగ్గర కూడా రాసిపెట్టుకోండి, రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ కొనసాగాలి. డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాకుకు గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు లేకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. నిద్ర కోసం పెట్టుకునే వైట్ నాయిస్, యంత్రాల చప్పుళ్లలాంటి వాటికి అదనంగా కనీసం 2 నిమిషాల నిడివి షరతు పెట్టారు. మీ ఆల్బమ్‌ను ఆ గాటన కట్టేయకుండా ఉండాలంటే జానర్ దగ్గర ఎక్స్‌పెరిమెంటల్ ఎంచుకోండి. ట్రాకుకు ‘వైట్ నాయిస్ 1’, ‘ఫ్యాన్ సౌండ్’ లాంటి పేర్లు పెట్టకండి, అందులో ఉన్నది నిజంగా ఫ్యానే అయినా సరే.

ఇంకో ఉచ్చు, ఆటోమేటిక్ కాపీరైట్ గుర్తింపు. 2018లో ఆస్ట్రేలియాకు చెందిన ఒక సంగీతకారుడు తానే తయారుచేసి యూట్యూబ్‌లో పెట్టిన 10 గంటల వైట్ నాయిస్ వీడియో మీద ఐదు కాపీరైట్ క్లెయిములు వచ్చిన సంగతి వార్తల్లోకెక్కింది. యంత్రానికి ఒక హిస్‌కూ ఇంకో హిస్‌కూ తేడా పట్టుకోవడం కష్టం. డిస్ట్రిబ్యూటర్ కంటెంట్ ఐడీలో (యూట్యూబ్ కాపీరైట్ గుర్తింపు వ్యవస్థ) చేర్చమంటారా అని అడిగితే వద్దనండి; లేకపోతే మీ పేరుమీద ఇంకొకరి వీడియోకు నోటీసు వెళ్తుంది. మీకే క్లెయిమ్ వస్తే చూపించడానికి అసలు మల్టీట్రాక్ ఫైళ్లు, తేదీలతో సహా ఉంచుకోండి. రేడియోలోంచి పట్టుకున్న పాట, ప్రసంగం ఎంత నలిపినా గుర్తుపట్టేలా ఉంటే అది వేరే వాళ్ల హక్కే. బయట రికార్డు చేసినదాంట్లో ఎవరి సొంత మాటలైనా స్పష్టంగా వినబడుతుంటే తీసేయండి.

తొమ్మిదో అడుగు: వినేవాళ్ల దగ్గరికి

మొదటిసారి 20 నుంచి 50 కాపీలు చాలు. ధర వేసేటప్పుడు ఖాళీ క్యాసెట్, డబ్బా, ప్రింటింగ్, ప్యాకింగ్ కలిపి ఒక్కో కాపీకి ఎంతయిందో లెక్కగట్టి దాని మీద కొంచెం పెట్టండి. పోస్టేజీ విడిగా. పోస్టేజీని ధరలో కలిపేస్తే దూరదేశం నుంచి వచ్చే ఒక్క ఆర్డరుకే లాభమంతా పోతుంది.

కొన్ని కాపీలు అమ్మకానికి కాకుండా పక్కన పెట్టండి. ఈ రంగంలో క్యాసెట్‌కు క్యాసెట్ మార్చుకోవడం మొదటి నుంచీ ఉన్న అలవాటు. మీరు నిజంగా వినే చిన్న లేబుల్‌కు, వాళ్ల ఏ రిలీజ్ మీకు ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాసి, మార్పిడికి ఒప్పుకుంటారా అని అడగండి. కాలేజీ, కమ్యూనిటీ రేడియోల్లో రాత్రిపూట వింత సంగీతం వేసేవాళ్లకు పంపండి. ఉత్తరంలో ‘సరిహద్దులు చెరిపే శబ్ద ప్రయాణం’ లాంటి మాటలు రాస్తే రెండో లైను చదవరు. ‘ఒక స్ప్రింగు, రెండు పెడళ్లు, వైపుకు 20 నిమిషాలు, రెండో వైపు 6వ నిమిషం నుంచి వినండి’ అని రాయండి. ఎక్కడ నుంచి వినాలో చెప్పడం ముఖ్యం, వాళ్ల బల్ల మీద అలాంటి క్యాసెట్లు బోలెడుంటాయి.

ఆఖరున మాస్టర్ ఫైళ్లు, కవర్ డిజైన్, ఐఎస్ఆర్‌సీ కోడ్‌లు, డబ్బింగ్ లెవెల్ రాసుకున్న కాగితం ఫొటో, అన్నీ ఒకే ఫోల్డర్‌లో కాటలాగ్ నంబర్ పేరుతో రెండు వేర్వేరు డ్రైవ్‌లలో పెట్టండి. ఒక క్యాసెట్‌ను మీ కోసం సీల్ విప్పకుండా దాచుకోండి. కాపీలు అయిపోయాక మళ్లీ వేయమని అడుగుతారు. వేయాలంటే ఆ ఫోల్డర్ కావాలి, వేయకూడదనుకుంటే డిజిటల్ లింకు పంపితే సరి.